మూడో రాయి దాకా

జమ్మలమడుగు,
17-4-1958, గురువారం.

చి. ల. సౌ. కామాక్షికి సీతాపతి దీవెనలు.

ఈ ఉత్తరం రాసే పూటకు అమ్మా, ఆండాళూ, నేనూ ముగ్గురమూ ఒంట్లో బాగానే ఉన్నాం. నెల్లూరులో నువ్వూ అట్లాగే ఉన్నావని నమ్ముతాను. పన్నెండో తేదీన నువ్వు రాసిన ఉత్తరం సోమవారం మధ్యాహ్నం తాలూకాఫీసుకే వచ్చింది. పరీక్షలు అయిపోయాయనీ, పాఠం చెప్పే పరీక్షలో నిన్ను బాగా మెచ్చుకున్నారనీ అమ్మకు చదివి వినిపించాను. ఆ ముక్క ఆమె రెండుసార్లు చదివించుకుంది. నీ మాటల్లో 'యాడ', 'ఈడ' వినబడితే అక్కడి ఆడపిల్లలు ఇప్పటికీ నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ట్రైనింగు పూర్తిచేసి వెళ్లేది నువ్వు కూడా వాళ్లతో పాటే గదా.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. ఆండాళుకు కోరింత దగ్గు పూర్తిగా తగ్గింది. రాత్రిళ్లు లేవడం లేదు. ముందరి పన్ను ఒకటి ఊడింది. దాన్ని కాగితంలో చుట్టి నీకు చూపించాలని గూట్లో పెట్టుకుంది. అమ్మ మోకాళ్లకు ఆముదం కాచి రాస్తున్నాం. గడప దాటేటప్పుడు గోడ పట్టుకోవలసి వస్తోంది. మన బావి అడుక్కు పోయింది. పెన్నలో తవ్విన చెలమల నుంచి బండి మీద తెచ్చే నీళ్లే తాగుతున్నాం. ఆఫీసులో జమాబందీ పని మొదలైంది. తహశీల్దారు ఎప్పటిలాగే నన్ను అందరి ముందరా నిలబెట్టి అరుస్తున్నాడు. అది కొత్త సంగతి కాదు.

నడక మానొద్దని, నాయన కోసమైనా మానొద్దని రాశావు. మానేశాను కామాక్షీ. ఫిబ్రవరి పదకొండు తరువాత ఒక్క పొద్దు కూడా పోలేదు. నూనె మిల్లులో కాటా దగ్గరికీ పోలేదు. తగ్గిన బరువులో సగం మళ్లీ వచ్చి ఉంటుంది. చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు తెలుస్తోంది. బరువులు రాసిన నోటుబుక్కు నీకోసం దాచి ఉంచమన్నావు. నా పెట్టెలో భద్రంగా ఉంది. నువ్వు రాగానే ఇస్తాను.

ఇక నీ ఉత్తరం చివర రాసిన మాట. "నాయన నీ ఒళ్లో తల పెట్టుకొని రామా అన్నాడని నువ్వు రాసిన మూడు ముక్కలే తలుచుకుంటూ పరీక్షలు రాసినాను. నీ రుణం ఈ జన్మలో తీరదు. ఇప్పుడు పరీక్షలు అయిపోయినాయి గనుక ఏడ్చినా ఫరవాలేదు. ఆ పొద్దు జరిగినదంతా మొదటి నుంచి రాయి" అన్నావు. దీనికి జవాబు రాయాలని సోమవారం నుంచి కాగితం ముందర పెట్టుకొని కూర్చుంటున్నాను. మూడు ముక్కలైతే ఎట్లాగో రాశాను. నువ్వు అడిగినట్లు మొదటి నుంచి చివరిదాకా రాయాలంటే జరిగిందే రాయాలి. అందుకని నీకు తెలిసినవి కూడా మళ్లీ చెబుతాను. ఓపికగా చదువు.

పోయిన శ్రావణంలో మీ అన్న గణపతి బావ మామను పులివెందుల నుంచి తీసుకొచ్చిన రోజున నేను బస్టాండుకు పోయాను. బస్సు మెట్టు మీద నుంచి మామను దింపడానికి బావ ఒక పక్కా, కండక్టరు ఒక పక్కా పట్టుకోవలసి వచ్చింది. కింద కాలు పెట్టి, ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తుంటే ఉత్తరీయం పొట్ట మీదికి లాక్కున్నాడు. మరునాడు ఆసుపత్రిలో డాక్టరు చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు. గుండె పెద్దదయిందన్నాడు. బరువు రెండువందల పద్నాలుగు పౌన్లు ఉంది. నలభై పౌన్లయినా తగ్గాలి, ఉప్పు, నెయ్యి, తీపి మానాలి, పొద్దున్నే నడవాలి, కొంచెంకొంచెంగా దూరం పెంచాలి అన్నాడు. నేనూ కాటా ఎక్కితే నూట డెబ్బయ్యారు తూగాను. మీరు కూడా ఆయనతో నడవండి అన్నాడు. ఇదంతా నీకు అప్పుడే రాశాను. నాయన నీ మాట తప్ప ఇంకెవరి మాటా వినడు, కనికరం చూపొద్దు అని నువ్వు జవాబు రాశావు. ఆ మాట రాసినందుకు నువ్వు బాధపడొద్దు. దాన్ని నేను నెపంగా చెప్పుకోబోవడం లేదు. కూతురు ఎవరైనా అట్లాగే రాస్తుంది.

మొదటి రోజు వీధి చివరి దాకా పోయి వచ్చేసరికి మామ చొక్కా తడిసి ముద్దయింది. అరుగు మీద కూలబడి, "ఇది నా వల్ల అయ్యేది కాదు నాయనా, నన్ను పులివెందులకు పంపించు" అన్నాడు. పంపలేదు. మరునాడు మళ్లీ లేపాను. వారం తిరిగేసరికి గండికోట దారి పట్టాము. ఆ దారిలో జనం తక్కువ, మామకు సిగ్గు తక్కువగా ఉంటుందని. నెల దాటేసరికి మొదటి మైలురాయి అందింది.

నా సంగతి నీకు తెలుసు. అకౌంటు పరీక్ష రెండుసార్లు తప్పాను. నశ్యం ఎన్నిసార్లు మానానో నాకే లెక్క లేదు. పట్టిన పని ఏదీ చివరిదాకా చేసినవాణ్ణి కాదు. అట్లాంటివాణ్ణి, రోజూ చీకటితో లేచి, నడిచి వచ్చి, నోటుబుక్కులో ఒక గీత గీస్తుంటే నాకు నేనే కొత్తగా కనబడ్డాను. ఒక పేజీ నిండా గీతలు చూసుకుంటే ఎంత బాగుండేదో చెప్పలేను. ఇంకొకటి కూడా ఉంది. ఇది ఎవరితోనూ అనలేదు. పగలంతా ఆఫీసులో అందరూ నా మీద అరిచేవాళ్లే. తెల్లవారుజామున మాత్రం నా మాటకు లేచి నిలబడే మనిషి ఒకడు ఉండేవాడు. అది నాకు రుచి అయింది. నా మీద నేను పెట్టుకోవలసిన నియమం ఇంకొకరి మీద పెట్టడం చాలా సులభం కామాక్షీ. తప్పితే కోప్పడటానికి మనిషి ఎదురుగా ఉంటాడు.

మామ వంకలు చెప్పేవాడు. అది నిజం. కాల్లో ముల్లు అనేవాడు. వంగి చూస్తే ముల్లు ఉండదు. చెప్పు పట్టీ తెగిందనేవాడు. సంధ్య వార్చే వేళ దాటిపోతోందనేవాడు. నేను నవ్వేవాణ్ణి మొదట్లో. తరువాత్తరువాత నవ్వడం మానేశాను.

కార్తీకంలో ఒకరోజు ఆయన పెట్టెలో పంచాంగాల కింద ఇత్తడి డబ్బా కనబడింది. దాని నిండా సున్నుండలు. అమ్మ చేసి పెట్టింది. తమ్ముడు రోజురోజుకూ చిక్కిపోతున్నాడని ఆమె బాధ. ఆ డబ్బా తెచ్చి వాకిట్లో పెట్టి, ఆండాళు చూస్తుండగా, పక్కింటివాళ్లు వింటుండగా, ఇద్దరినీ నిలదీశాను. బడిపిల్లల్ని అడిగినట్లు అడిగాను. అమ్మ చెంగు నోట్లో కుక్కుకొని లోపలికి పోయింది. మామ తల వంచుకొని, "తప్పయింది నాయనా" అన్నాడు. నన్ను ఎత్తుకొని తిరిగిన మేనమామ నాతో ఆ మాట అంటే నాకు ఏమీ అనిపించలేదు. ఆ పూట నోటుబుక్కులో ఎర్రసిరాతో సున్న పెట్టాను.

మార్గశిరంలో ప్రొద్దుటూరు సంగతి జరిగింది. ఇది నీకు రాయలేదు. అక్కడ ఒక ఇంట్లో తద్దినానికి మామ ఇరవై ఏండ్లుగా వాళ్ల నాయన స్థానంలో భోజనానికి, భోక్తగా కూర్చునేవాడట. వాళ్లు కబురు పెట్టారు. నేను వద్దన్నాను. మామ గుడికి పోయి వస్తానని చెప్పి బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాడు. సాయంత్రం చంకలో వాళ్లు దానమిచ్చిన కొత్త పంచె పెట్టుకొని వచ్చాడు. చూడగానే తెలిసిపోయింది. మరునాడు పొద్దున రెండో రాయి దాకా పోయి తిరిగి వచ్చాక, ఇంటికి రానివ్వకుండా ఊరి మొదట్లో నుంచే మళ్లీ రెండో రాయి దాకా నడిపించాను. ఆయన ఎదురు చెప్పలేదు. రెండోసారి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, నేను అడగకుండానే చెప్పాడు.

"నేను తిండికి పోలేదు నాయనా. ఆ ఇంట్లో అందరూ చేతులు కట్టుకోని నిలబడుకుంటారు. నేను తింటాంటే వాళ్ల నాయన తింటాండాడని చూస్తారు. ఆ పొద్దు ఒక్కటే నన్ను ఎవురూ లావు మనిషని చూడరు."

నా మనసు కరిగింది గానీ, కరిగినట్లు కనబడితే రేపు ఇంకో ఊరికి పోతాడని ఊరుకున్నాను.

ఫలితం లేకపోలేదు. పుష్యమాసంలో ఒక ఆదివారం మిల్లులో కాటా వేసే ఖాజా నూటఎనభయ్యారు అని చదివి, మళ్లీ ఒకసారి ఎక్కమన్నాడు. తూకం తప్పేమోనని. రెండోసారీ అదే వచ్చింది. ఆ మధ్యాహ్నం మామ అరుగు మీద కూర్చొని తన కాలిగోళ్లు తనే తీసుకున్నాడు. పన్నెండేండ్లుగా ఆ పని మీ అమ్మా, ఆమె పోయాక మంగలీ చేశారట. గోళ్లు తీసుకొని, కాళ్లు చాపుకొని, చాలాసేపు వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. బాసింపట్టు వేసుకొని సంధ్య వార్చగలుగుతున్నానని నీకు తనే కార్డు రాశాడు. అది దాచుకున్నావని నాకు తెలుసు. ఆ సంతోషం నిజమైనది. అందులో అబద్ధం ఏమీ లేదు. అందుకే నేను చేస్తున్నదంతా సరైనదే అనుకున్నాను.

ఉగాదికి నీకు సెలవులు. నువ్వు వచ్చి బస్సు దిగేసరికి మామను నూటడెబ్బయ్యిదుకు తెచ్చి నీ ముందు నిలబెట్టాలని నాకు పట్టుదల పుట్టింది. జనవరిలో డాక్టరు చూసి, బాగుంది, ఇక తొందరపడొద్దు, ఇప్పుడు నడిచే దూరం చాలు అన్నాడు. నేను తల ఊపి వచ్చి, మరుసటి వారం నుంచే మూడో రాయి దాకా పెంచాను. రానూపోనూ ఆరు మైళ్లు.

ఇప్పుడు ఆ పొద్దు సంగతి చెబుతాను.

శివరాత్రికి ముందు మంగళవారం అది. చలిగానే ఉంది. నేను తువ్వాలు చెవుల మీదుగా కట్టుకున్నాను. అమ్మ రాగి జావ ఇస్తే మామ రెండు గుక్కలు తాగి, ఒద్దనిపిస్తోందని పక్కన పెట్టాడు. నడక మొదలుపెట్టాక ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడేవాడు. ఆ పొద్దు మాట్లాడలేదు. రెండో రాయి దగ్గర ఆగిపోయాడు. అప్పుడే తెల్లవారుతోంది.

"నాయనా సీతాపతీ, నేను ఈ పొద్దు ఈడ కూచుంటా. గొంతు కాడ మండతాంది. ఈ చెయ్యి ఏందో బరువుగా ఉంది. నువ్వు పొయ్యిరా" అన్నాడు.

"మొన్న కాల్లో ముల్లు అంటివి. నిన్న చెప్పు తెగె అంటివి. ఈ పొద్దు గొంతా మామా?" అన్నాను.

"ల్యా నాయనా. ఇది అట్లాంటిది కాదు."

"ఈ పొద్దు ఈడ కూచుంటే రేపు ఇంగా ముందరే కూచుంటావు. కూచోవాకు. నేను పోతాండా, నువ్వు ఎనకాలే రా."

ఇంతే జరిగింది మా ఇద్దరి మధ్య. ఇవే నేను మీ నాయనతో అన్న చివరి మాటలు.

ఇక్కడ నీకు రెండు సంగతులు చెప్పాలి. ఇన్ని రోజులూ ఇంట్లో ఎవరికీ చెప్పనివి ఇవే.

మొదటిది. శ్రావణంలో ఆసుపత్రికి పోయిన రోజే డాక్టరు నన్ను ఒక్కణ్ణే పక్కకు పిలిచి హెచ్చరించాడు. నడిచేటప్పుడు ఛాతీ బిగబట్టినా, గొంతులో మండినా, ఎడమ చెయ్యి లాగినా అక్కడికక్కడే కూర్చోబెట్టండి, ఒక్క అడుగు కూడా వేయనివ్వొద్దు అన్నాడు. ఈ సంగతి ఆయనకు కూడా చెప్పండి అన్నాడు. నేను మామకు చెప్పలేదు. చెబితే రోజూ ఆ వంకే పెడతాడని అనుకున్నాను. తన ఒంట్లో జరుగుతున్నది ఏమిటో మీ నాయనకు తెలియకుండా చేసింది నేను.

రెండోది. వంక అనుకొని పోయానని నేను ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. ఆయన మాట్లాడుతుండగా నేను ఆయన ముఖం చూశాను. నేను చెవులకు తువ్వాలు కట్టుకున్న చలిలో ఆయన నుదురంతా చెమట. పెదవులు పాలిపోయి ఉన్నాయి. డాక్టరు మాట నాకు గుర్తుకు వచ్చింది. వచ్చింది కామాక్షీ. గుర్తుకు వచ్చాక కూడా, ఇన్నాళ్లు తప్పకుండా చేసింది ఈ ఒక్క పొద్దుతో చెడిపోతుందే అన్న చిరాకు దాన్ని తొక్కేసింది. నేను ముందుకు నడిచాను.

వెనక అడుగుల చప్పుడు కొంతదూరం వినబడింది. ఆయన వస్తున్నాడు. నేను కూచోవద్దన్నానని వస్తున్నాడు. తరువాత చప్పుడు ఆగిపోయింది. ఆగిపోవడం నాకు స్పష్టంగా తెలిసింది. నేను తిరిగి చూస్తే మామ బతిమాలుతాడు, నేను మెత్తబడతాను అని తిరిగి చూడలేదు. మూడో రాయి దాకా పోయాను. రాయిని చేత్తో తాకాను. రోజూ తాకే అలవాటు. అప్పుడు వెనక్కి మళ్లాను.

సగం దూరం వచ్చేసరికి దారి కింద వాన నీళ్లు పోయే మోరీ దగ్గర ఒక జట్కా నిలబడి కనబడింది. మన పేటలో ఉండే లాల్ బాషాది. ముందరి పల్లెలో మొదటి బస్సుకు పోయేవాళ్లను ఎక్కించుకోవడానికి ఖాళీ బండి తోలుకొని పోతూ, మామను చూసి ఆగాడట. నేను పోయేసరికి లాల్ బాషా నేల మీద కూర్చొని ఉన్నాడు. మామ తల అతని ఒళ్లో ఉంది. నా ఒళ్లో కాదు. అప్పటికే అయిపోయింది. నేను పిలిచాను. చేతులు రుద్దాను. లాల్ బాషా నా చెయ్యి పట్టుకొని ఆపాడు. ఇద్దరమూ ఎత్తి జట్కాలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చాం.

వాకిట్లో అమ్మ ఎదురు వచ్చి, ఎట్లా పోయాడు, దగ్గర ఉన్నావా, ఏమన్నా అన్నాడా అని అడిగింది. నా ఒళ్లోనే పోయాడు, రామా అన్నాడు అని నా నోట వచ్చింది. ఆలోచించి చెప్పిన మాట కాదు. కానీ వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆ మాటే గణపతి బావకు చెప్పాను. అదే నీకు రాశాను. లాల్ బాషా వాకిట్లో నిలబడి విన్నాడు. ఏమీ అనకుండా బండి తోలుకొని పోయాడు. నువ్వు మూడో రోజున వచ్చి, నాయన ముఖం చూడలేకపోయానని నా భుజం మీద పడి ఏడ్చినప్పుడు చెప్పవలసింది. నువ్వు ఇంట్లో ఉన్న పన్నెండు రోజులూ చెప్పాలనే అనుకున్నాను. ఆ పన్నెండు రోజులూ నువ్వు, నాయనకు నువ్వున్నావు గదా, అదే నాకు ధైర్యం అంటూనే ఉన్నావు.

మామ రామా అన్నాడో లేదో నాకు తెలియదు. నువ్వు పట్టుకొని పరీక్షలు రాసిన ఆ మాట నేను కల్పించినది. దాన్ని నీ దగ్గర నుంచి ఇట్లా ఉత్తరంలో లాక్కోవలసి వచ్చింది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వు ఇంటికి వచ్చి, నాకు అన్నం వడ్డించి, రుణం తీరదని మళ్లీ అంటే వినే ఓపిక అంతకన్నా లేదు.

ఆయన చివరికి ఏమన్నాడో కూడా నాకు నెలన్నర తరువాతే తెలిసింది. మార్చి ఆఖరులో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తుంటే లాల్ బాషా జట్కా ఆపి దిగాడు. రోడ్డు పక్కకు పిలిచాడు.

"సామీ, ఒక మాట కడుపులో పెట్టుకోని తిరుగుతాండా. చెప్పకపోతే నాకు తిన్న కూడు ఒంటబట్టేట్ల ల్యా" అన్నాడు.

చెప్పమన్నాను. మామ మోరీ గోడ మీద కూర్చొని ఉండగా తను చూశాడట. ఏంది సామీ అంటే నీళ్లు అడిగాడట. బండిలో తోలుసంచిలో నీళ్లున్నాయి. నేను సాయిబును సామీ, నా నీళ్లు మీకెట్లా ఇయ్యాల అన్నాడట లాల్ బాషా. మామ జవాబు చెప్పకుండా దోసిలి పట్టాడట. రెండు దోసిళ్లు తాగాడట. ఈ సంగతి బయటపడితే పెద్దసామికి మాట వస్తుందని, కర్మలు చేసేవాళ్లు ఏమంటారోనని అతను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీ నాయన దాహంతో పోలేదు. అది ఒక్కటి నీకు నిజంగా చెప్పగలిగిన మంచిమాట. ఆ నీళ్లు ఇచ్చింది లాల్ బాషా. నువ్వు ఎవరికైనా రుణపడి ఉంటే అతనికి.

ఆ తరువాత జరిగింది అతని మాటల్లోనే రాస్తాను. ఒక్క అక్షరం మార్చను.

"నీళ్లు తాగినాక కొంచెం తెప్పరిల్లినాడు సామీ. బండి ఎక్కండి, ఆస్పత్రికి పోదామంటి. వద్దన్యాడు. 'మా అల్లుడు మూడో రాయి కాడికి పోయినాడు. వచ్చే పొద్దయింది. నన్ను లేపి నిలబెట్టు లాల్ బాషా. నేను కూచున్నెట్ల ఆ బిడ్డకు తెలియగూడదు. శానా కష్టపడతాండాడు నాకోసరం' అన్యాడు. లెయ్యద్దు సామీ అంటే ఇనల్యా. నా బుజం పట్టుకోని లేసినాడు. నిలబడినాడు గూడా. మీరొచ్చే దిక్కుకు చూస్తాండాడు. ఆడికే నా మీదికి ఒరిగిపాయె."

ఇదీ కామాక్షీ, నువ్వు అడిగిన మాట. మీ నాయన నా కోపానికి భయపడి లేచి నిలబడ్డాడో, నా కష్టం వృథా పోతుందని జాలిపడి నిలబడ్డాడో నాకు తెలియడం లేదు. రెండింటిలో ఏదయినా లేపినవాణ్ణి నేనే. లాల్ బాషా కళ్లు తుడుచుకొని, చెప్పి తప్పు చేసినానా సామీ అని అడిగాడు. లేదన్నాను. అతను బండెక్కి పోయాక ఆఫీసు నుంచి ఇంటికి పోయే దారి ఏదో కాసేపు తోచలేదు.

మొన్న ఆసుపత్రికి పోయి డాక్టరుకు కూడా చెప్పాను. ఆపి కూర్చోబెట్టి ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, చెప్పలేము, బతికి ఉండొచ్చు, బతక్కపోవచ్చు అన్నాడు. బతికేవాడు కాదు అంటాడేమోనని ఆశతో పోయాను. అనలేదు. మందుల చీటీ ఏమీ లేకుండా బయటికి వచ్చాను.

అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమె తమ్ముడే అయినా, ముందు నీకే చెప్పాలని ఆగాను. నువ్వు చదివి ఉంటావని అనుకున్న రోజున, అంటే వచ్చే సోమవారం, ఆమెకు చెబుతాను. గణపతి బావకు విడిగా రాస్తాను. నువ్వు రాయనవసరం లేదు.

నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది. ఆ బరువు నీ మీద పెట్టను.

శనివారం, ఇరవయ్యారో తేదీ మధ్యాహ్నం రైలుకు ఎర్రగుంట్ల స్టేషనుకు ఆండాళును తీసుకొని వస్తాను. స్టేషను బయట మన ఊరి బస్సు ఉంటుంది. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు కూడా ఆ వేళకే ఉంటుందని విచారించాను. నువ్వు మీ అన్న దగ్గరికి పులివెందులకు పోదలచుకుంటే ఉంటాయని ఆండాళు బట్టలు కూడా ఒక సంచిలో సర్ది తెస్తాను. అక్కడ నన్ను ఏమీ అడగకు, నేనూ నిన్ను ఏమీ అడగను. నువ్వు ఏ బస్సు ఎక్కితే ఆ బస్సు మీదికి నీ పెట్టె అందిస్తాను.

ఇట్లు,
మీ నాయన మేనల్లుడు,
సీతాపతి.